నియా బే దగ్గర హాలిబట్: గుండు అడుగున నిలవడం లేదు, ఎర మిగలడం లేదు, లంగరు వేయాలా?

తీరం_గాలి:

అందరికీ నమస్కారం. వాషింగ్టన్ తీరంలో నియా బే నుంచి సముద్రంలోకి వెళ్లి హాలిబట్ (అడుగున ఉండే పెద్ద బల్లపరుపు చేప) పట్టే వాళ్ల సలహా కావాలి.

బోటు 22 అడుగుల అల్యూమినియం. 150 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్, పక్కన 9.9 కిక్కర్ (చిన్న రెండో ఇంజిన్). బోటు మీద ఇద్దరమే ఉంటాం. రాడ్లు ఐదున్నర అడుగులవి, రీళ్ల నిండా 65 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం). సీసం గుండ్లు 16 ఔన్సులవి, 8/0 సైజు జె హుక్స్ (జె ఆకారపు గాలాలు), ఎరకి మామూలు హెర్రింగ్.

280 అడుగుల లోతులో ఈ సామానుతో మూడు ఇబ్బందులు. గుండు మొదట అడుగు తాకుతుంది, రెండు నిమిషాలకే దారం ఏటవాలుగా సాగిపోయి అడుగు అందడం మానేస్తుంది. జీపీఎస్‌లో చూస్తే బోటు 2 నాట్ల పైనే కొట్టుకుపోతోంది. రెండోది, పైకి తీస్తే హుక్ ఖాళీ, లేకపోతే డాగ్‌ఫిష్ (చిన్న సొరచేప). మూడోది, గుండు రాళ్లలో ఇరుక్కుంటే రిగ్ (దారం చివర కట్టే హుక్, గుండు సామాను) మొత్తం తెగిపోతోంది.

లంగరు వేస్తే ఇవి తీరతాయా? గుండు బరువు ఎంత ఉండాలి? అరవై డెబ్బై పౌండ్ల చేప పడితే ఇద్దరే దాన్ని లోపలికి ఎలా తేవాలి? కొనాల్సిన సామాను ఏదైనా ఉంటే సీజన్ తెరవక ముందే కొనేస్తాం. కొంచెం వివరంగా చెప్పండి.

ఆటుపోటు:

లంగరు సంగతి పక్కన పెట్టండి. మీ ఇబ్బందుల్లో సగం గుండు బరువు వల్ల వచ్చినవి కావు, నీళ్లలో గాలం వేసిన వేళ వల్ల వచ్చినవి.

హాలిబట్ అడుగున తిరిగే చేప. ఎర నేలకి ఒకటి రెండు అడుగుల లోపల లేకపోతే ఎంత సేపు నీళ్లలో ఉన్నా లెక్కలోకి రాదు. నీరు మంచి ఊపు మీద ఉన్నప్పుడు 280 అడుగుల లోతులో ఎరని అలా నిలపడం ఎవరి వల్లా కాదు. నీరు నెమ్మదించి, నిలబడి, మళ్లీ కదలడం మొదలుపెట్టే ఆ స్లాక్ చుట్టూ అటొక గంట, ఇటొక గంట దొరుకుతుంది. రోజంతా ఆ రెండు గంటల కోసమే అనుకుని బయల్దేరండి.

ఇక్కడ చాలామంది పొరబడేది టైడ్ టేబుల్ దగ్గర. పోటు పూర్తయిన సమయమూ, నీరు నిలబడే సమయమూ ఒకటి కాదు. హువాన్ డి ఫూకా జలసంధిలో నీటి మట్టం తగ్గడం మొదలయ్యాక కూడా ప్రవాహం లోపలికే నడుస్తూ ఉండొచ్చు, రెండింటికీ మధ్య గంటల తేడా రావచ్చు. కాబట్టి ఎత్తు చెప్పే పట్టిక కాదు, నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ల కరెంట్ (ప్రవాహం) అంచనాలు చూడాలి. జలసంధి ముఖద్వారానికి విడిగా ఉంటాయి. అందులో స్లాక్ ఎప్పుడు, దాని తర్వాత వచ్చే గరిష్ఠ వేగం ఎంత అని రెండూ రాసుకోండి. స్లాక్ తర్వాతి వేగం తక్కువగా ఉంటే మీకు దొరికే సమయం సాగుతుంది, ఎక్కువైతే ఇరవై నిమిషాలకే ముగిసిపోతుంది.

ఈ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు, కానీ అవి సమానం కావు. ఒక జత మధ్య తేడా ఎనిమిది అడుగులుంటే ఇంకో జత మధ్య రెండు మూడు అడుగులే ఉండొచ్చు. ఆ చిన్న తేడా ఉన్న పూటనే ఎంచుకోండి. అమావాస్య, పౌర్ణమి దాటిన రోజుల్లో నీటి ఊపు ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ. సీజన్‌లో తెరిచే రోజులు కొన్నే కాబట్టి, వాటిలో ఏది అష్టమికి దగ్గరగా పడుతుందో ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఇక బరువు. 280 అడుగుల్లో బోటు 1 నాట్ లోపు కదులుతుంటే 24 నుంచి 32 ఔన్సులు సరిపోతాయి. 1.5 నాట్లకి 2 నుంచి 3 పౌండ్లు కావాలి. అంతకు మించితే బరువు పెంచుతూ పోవడం దండగ: గుండుని పైకి లాగేది బోటు ఒక్కటే కాదు, పొడవైన దారం మీద నీటి తోపు కూడా. అందుకే బ్రెయిడ్ లావు ముఖ్యం. మీ 65 పౌండ్ల దారం బాగుంది, 80 వరకు ఫరవాలేదు. ధైర్యం కోసం 100 ఎక్కిస్తే లావు పెరిగి గుండు ఇంకా తొందరగా తేలుతుంది. రీల్ మీద కనీసం 300 గజాలు ఉండాలి.

అడుగు తగులుతోందా లేదా అనేదానికి ఊహ వద్దు, లెక్క పెట్టుకోండి. పది మీటర్లకోసారి రంగు మారే బ్రెయిడ్ వాడితే ఎంత దారం బయట ఉందో తెలుస్తుంది. 280 అడుగుల లోతులో 400 అడుగుల దారం బయటికి పోయిందంటే వాలు 45 డిగ్రీలకి చేరినట్టే. ఇంకా దారం వదలకండి. చుట్టేసి, మళ్లీ నిట్టనిలువుగా దించండి. వదిలేకొద్దీ దారం నేల మీద వంపు తిరుగుతుంది, చేప కొట్టినా చేతికి తెలియదు, రాయికి తట్టుకోవడం మాత్రం ఖాయం.

బోటు వేగం తగ్గించడానికి డ్రిఫ్ట్ సాక్ (నీళ్లలో గొడుగులా తెరుచుకునే గుడ్డ సంచి) అడుగుతారేమో. గాలి తోస్తుంటే అది అద్భుతంగా పనిచేస్తుంది. నీరే తోస్తుంటే దాని వల్ల ఉపయోగం లేదు, ఎందుకంటే సాక్ పట్టుకునేది కూడా అదే నీటిని. అప్పుడు కిక్కర్ వాడండి: ముక్కుని గాలికీ అలకీ ఎదురుగా ఉంచి, మెల్లగా ముందు గేరు వేస్తూ తీస్తూ దారం నిలువుగా ఉండేలా చూడటం. ఒకరు కిక్కర్ దగ్గర, ఒకరు గాలం దగ్గర. వెనక గేరుతో స్టెర్న్‌ని (బోటు వెనక భాగాన్ని) అలకి ఎదురు పెట్టే పని మాత్రం బయటి సముద్రంలో వద్దు, నీళ్లు నేరుగా లోపలికి వస్తాయి.

రిగ్‌లు పోతున్నాయంటే మీరు హాలిబట్ నేల మీద లేరు. రాతి గుట్టల మీద ఉండేది రాక్‌ఫిష్, లింగ్‌కాడ్. హాలిబట్‌కి కంకర, గులకరాళ్లు, ఇసుక కావాలి. గుట్ట పక్కన చదునుగా ఉండే చోటు, లోతు నుంచి మెట్టులా పైకి లేచే అంచు. సౌండర్‌లో (శబ్దంతో లోతు చూపే యంత్రం) అడుగు గీత మందంగా, సాఫీగా, కింద రెండో ప్రతిధ్వనితో కనిపిస్తే గట్టి కంకర. పళ్ల రంపంలా ఎగుడుదిగుడుగా ఉంటే అక్కడి నుంచి ఓ రెండు వందల గజాలు పక్కకి జరగండి. డ్రిఫ్ట్ (బోటు నీటితో పాటు సాగడం) ఎప్పుడూ లోతు వైపు నుంచి మెట్ట వైపు సాగేలా మొదలుపెడితే ఎర నేలని అంటుకునే వస్తుంది. మెట్ట నుంచి లోతుకి వెళితే నేల కిందికి జారిపోతూ ఉంటుంది, మీరు దారం వదులుతూ ఉండాలి.

ఎరసంచి:

ఆటుపోటు గారు చెప్పినదానికి తిరుగులేదు. నేను హుక్, ఎర సంగతి చెబుతాను.

జె హుక్స్ తీసేయండి. ఎరకి 16/0 సర్కిల్ హుక్స్ (మొన లోపలికి వంగినవి) పెట్టండి. సర్కిల్ హుక్ చేప గొంతులో గుచ్చుకోదు. చేప ఎర నోట్లో పెట్టుకుని పక్కకి తిరిగినప్పుడు జారి వచ్చి దవడ మూలన దిగుతుంది. ఒకసారి దిగితే ఊడటం అరుదు, వదిలేయాల్సిన చేపకి హానీ తక్కువ. దీనికి రెండు షరతులు. ఒకటి, మొనకీ కాడకీ మధ్య ఉన్న ఖాళీ ఎరతో నిండిపోకూడదు. లావుపాటి హెర్రింగ్‌ని ముద్దగా గుచ్చితే ఆ ఖాళీ మూసుకుపోతుంది, చేప లాగుతుంది, ఎర చిరుగుతుంది, హుక్ ఖాళీగా వస్తుంది. రెండోది, కొట్టినట్టు అనిపించగానే రాడ్ ఎగరేయకూడదు. జె హుక్‌కి చేయి అలవాటు పడినవాళ్లకి ఇదే కష్టం. రాడ్ హోల్డర్‌లో ఉంచండి. కొన తపతపా ఊగుతుంది, ఆగుతుంది, మళ్లీ ఊగుతుంది. చివరికి మొత్తం వంగి అలాగే నిలుస్తుంది. అప్పుడు హ్యాండిల్ మెల్లగా, ఆపకుండా తిప్పండి. అంతే.

హెర్రింగ్ మెత్తబడిపోవడమే ఎర మిగలకపోవడానికి ఇంకో కారణం. ముందు రోజు రాత్రే డబ్బాలో ఒక వరస చేప, ఒక వరస కల్లుప్పు వేసి చల్లగా ఉంచండి. తెల్లారేసరికి నీరు విడిచి చర్మం గట్టిపడుతుంది, హుక్‌ని పట్టుకుని ఉంటుంది. తొమ్మిది పది అంగుళాల పెద్ద హెర్రింగ్ మంచిది. దాని కింద ఆక్టోపస్ ముక్క గానీ సాల్మన్ పొట్ట చర్మం పట్టీ గానీ అదనంగా గుచ్చండి. హెర్రింగ్ వాసన ఇస్తుంది, దాన్ని డాగ్‌ఫిష్ పీకేసినా ఆక్టోపస్ మిగులుతుంది, హుక్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఎరలో వాసన ఇరవై నిమిషాల్లో నీటికి కొట్టుకుపోతుంది. తెల్లబారిన ఎరని అలాగే కింద ఉంచడం సోమరితనం, మార్చండి.

రిగ్ ఇలా కట్టండి. మెయిన్ లైన్ మీద గొట్టంలాంటి ప్లాస్టిక్ స్లైడర్, దాని కింద పూస, ఆ తర్వాత గట్టి స్వివెల్ (తిరిగే లింకు). స్వివెల్‌కి మూడడుగుల లీడర్ (హుక్ కట్టే చివరి దారం), 150 నుంచి 200 పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్). లీడర్ చివర హుక్. గుండుని స్లైడర్‌కి నేరుగా తగిలించకండి. మధ్యలో ఒక అడుగు 30 పౌండ్ల మోనో కట్టండి. గుండు రాయిలో ఇరికితే ఆ చిన్న ముక్కే తెగుతుంది, హుక్, లీడర్, చేప మీకు మిగులుతాయి. మీ మూడో ఇబ్బందికి ఇదే మందు.

ఎల్ ఆకారపు తీగతో ఉండే స్ప్రెడర్ బార్ కూడా వాడొచ్చు. పొట్టి చేతికి గుండు, పొడుగు చేతికి లీడర్. దించేటప్పుడు లీడర్ మెయిన్ లైన్‌కి చుట్టుకోదు, కొత్తవాళ్లకి హాయి. బార్‌తో లీడర్‌ని రెండడుగుల లోపు ఉంచాలి. ఏది వాడినా గుండుని రాయిలా పడేయకండి. స్పూల్ మీద బొటనవేలు ఆనించి దించండి, లేకపోతే ఎర గిర్రున తిరిగి దారానికి చుట్టుకుంటుంది. ఖాళీ హుక్ కాకుండా చిక్కుపడ్డ ఎర పైకి వస్తోందంటే కారణం ఇదే.

డాగ్‌ఫిష్ గుంపు మీద పడితే ఓపిక పడితే పోయేది కాదు. అర మైలు జరగాలి, లేదా ఎర తీసేసి 16 నుంచి 24 ఔన్సుల సీసపు జిగ్ (చేపలా కనిపించే బరువైన కృత్రిమ ఎర) దించాలి. అడుగు తాకించి, రెండడుగులు ఎత్తి, మళ్లీ మెల్లగా దించడం. జిగ్‌కి సర్కిల్ హుక్ పనికిరాదు, అక్కడ జె హుక్కే ఉండాలి, చేప తగలగానే రాడ్ ఎత్తాలి.

పట్టింది ఏదో పైకి రాకముందే తెలుస్తుంది. డాగ్‌ఫిష్ చకచకా కొరికి మెలికలు తిరుగుతుంది. స్కేట్ అనే చదును చేప తడి గోనెసంచిలా బరువుగా వస్తుంది తప్ప పోట్లాడదు. హాలిబట్ బరువుగా తల విదిలిస్తుంది, ఆ దెబ్బలు రాడ్ మొదలు దాకా తెలుస్తాయి. సగం దూరం వచ్చాక ఒక్కసారి తిరిగి అడుగుకి దూకుతుంది. ఆ దూకుడుకి డ్రాగ్ (రీల్ దారాన్ని వదిలే బిగువు) సిద్ధంగా ఉండాలి. త్రాసు తగిలించి చూసుకుంటే 15 నుంచి 20 పౌండ్ల దగ్గర జారాలి.

ఒక్క మాట. చేప తనంతట తాను గుచ్చుకునే హుక్ ఈ తీరానికి కొత్తది కాదు. ఇక్కడి మూలవాసులైన మకా వాళ్లు ఆవిరితో వంచిన కర్రతో హాలిబట్ హుక్ తరతరాలుగా చేస్తున్నారు. ఆ వంపు లోపలి ఖాళీ మరీ చిన్న చేపనీ మరీ పెద్ద చేపనీ పట్టకుండా ఉండేలా ఉంటుంది. నియా బేలోనే మకా మ్యూజియం ఉంది. సముద్రం బాగాలేక ఒడ్డున ఆగిపోయిన రోజు వెళ్లి చూడండి.

తీరం_గాలి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సర్కిల్ హుక్స్, 24, 32, 48 ఔన్సుల గుండ్లు రాసుకున్నాం. లంగరు మాట మాత్రం తేలలేదు. స్లాక్ దాటాక కూడా పడుతున్న బోట్లు లంగరు మీదే ఉన్నాయని విన్నాం. మేం ఎందుకు వేయకూడదు?

లంగరుతాడు:

వేయొచ్చు. కానీ మొదటి సీజన్‌లో బయటి సముద్రంలో వద్దు. జలసంధి లోపల, పోర్ట్ ఏంజెలస్ వైపు ఉన్న గట్ల దగ్గర, అల లేని రోజున నేర్చుకుని తర్వాత బయటికి రండి. కారణం చెబుతాను.

లంగరు లాభం నిజమే. బోటు కదలదు కాబట్టి ఎర వాసన నీటితో పాటు ఒకే దారిలో పారుతుంది, చేప ఆ దారి పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. డ్రిఫ్ట్‌లో మీరు చేప దగ్గరికి వెళతారు, లంగరు మీద చేప మీ దగ్గరికి వస్తుంది. అందుకే కంకర అంచుకి ప్రవాహం ఎగువన వేసి గంటన్నర కదలకుండా కూర్చోవాలి. పది నిమిషాలకి చోటు మార్చేవాళ్లకి లంగరు దేనికీ పనికిరాదు.

250 అడుగుల లోతుకి కనీసం 700 అడుగుల తాడు, 20 నుంచి 30 అడుగుల గొలుసు కావాలి. గొలుసు లేకపోతే లంగరు కాడ పైకి లేచి నేల వదిలేస్తుంది. ఇంత లోతు నుంచి చేత్తో లాగలేరు, బోయతో లేపుతారు. తాడు మీద జారే రింగు, రింగుకి పెద్ద గాలి బోయ. లేపాలంటే ప్రవాహానికి ఎదురుగా, తాడుకి ఓ 45 డిగ్రీలు పక్కగా బోటు నడుపుతారు. బోయ నీళ్లలో ఈడ్చుకుపోతూ తాడుని పైకి లాగుతుంది, లంగరు నేల విడిచి రింగు దాకా వచ్చి అక్కడ ఆగుతుంది. గొలుసు రింగుకి అవతల వేలాడుతుంది కాబట్టి మళ్లీ కిందికి జారదు. అప్పుడు తీరిగ్గా తాడు చుట్టుకోవచ్చు.

ప్రమాదం అంతా ఈ లేపే దగ్గరే. తాడు ఎప్పుడూ బోటు పక్కన, కంటికి కనిపించేంత దూరంలో ఉండాలి. తిన్నగా తాడు మీదికి నడిపితే ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. ఆ క్షణం నుంచి మీరు స్టెర్న్ నుంచి లంగరు వేసినట్టే. ప్రవాహం ఒక వైపు, అల ఒక వైపు, వెనక భాగం కిందికి లాగబడి నీళ్లు ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) దాటి వస్తాయి. బోట్లు మునిగేది ఇలాగే, నిమిషాల్లో. స్టెర్న్ క్లీట్‌కి (వెనక తాడు కట్టే కొక్కేనికి) లంగరు తాడు ఎప్పుడూ, ఏ కారణానికీ కట్టొద్దు. పదునైన కత్తి ఒరతో సహా చేతికందే చోట కట్టి ఉంచండి. తాడు ఖరీదు చూసుకుని కోయడానికి వెనకాడకండి.

లంగరు రాళ్లలో ఇరికితే వదిలి రావడానికి ముందే ఏర్పాటు చేసుకోవాలి. గొలుసుని కాడ చివర రింగుకి కాకుండా లంగరు అడుగు భాగానికి బిగించి, కాడ వెంట తెచ్చి, పైన రింగు దగ్గర రెండు జిప్ టైలతో కడతారు. మామూలు లాగుడికి టైలు ఆగుతాయి. ఇరుక్కుంటే బోయ లాగుడికి అవి తెగుతాయి, లంగరు వెనక నుంచి ఊడి వస్తుంది.

బోటు వైపు తాడు చివర త్వరగా ఊడే క్లిప్పుతో ఇంకో బోయ ఉంచండి. పెద్ద చేప పడితే క్లిప్పు విప్పి తాడుని బోయతో సహా వదిలేసి చేప వెంట వెళ్లొచ్చు, తర్వాత వచ్చి ఎక్కించుకోవచ్చు. ప్రవాహం పెరిగి ఆ బోయ నీళ్లలో మునిగిపోతోందంటే అది ఎత్తేసే సమయం. జలసంధి ముఖద్వారంలో ఓడల దారులు ఉన్నాయి. చార్ట్‌లో గులాబీ రంగులో గీసి ఉంటాయి, వాటిలో లంగరు వేయడం అంటే కంటైనర్ ఓడకి అడ్డంగా కట్టేసుకుని కూర్చోవడమే.

మొప్పకోత:

చేప బోటు దగ్గరికి వచ్చాక ఏం చేయాలో ఎవరూ రాయలేదు. గాయాలు అయ్యేదీ, చేప పోయేదీ, మాంసం పాడయ్యేదీ ఇక్కడే.

ముందు చేప ఎంతుందో తెలియాలి. నీళ్లలో కంటి అంచనాకి బరువు అందదు, పొడవు అందుతుంది. 30 అంగుళాల చేప సుమారు 11 పౌండ్లు. 40 అంగుళాలకి సుమారు 30. 50 అంగుళాలకి 60. 60 అంగుళాలకి 110 దాకా. పొడవు పది అంగుళాలు పెరిగితే బరువు దాదాపు రెట్టింపో, అంతకు మించో అవుతోంది చూడండి. కాబట్టి బోటు పక్కన టేపు గీతలు అంటించి పెట్టుకుంటే, గాఫా (కొక్కెం ఉన్న కర్ర) హార్పూనా (తాడు కట్టిన ఈటె) అనే నిర్ణయం ఊహతో కాకుండా గీతతో జరుగుతుంది.

చేప తల నీటి పైకి రానివ్వకండి. తల గాలిలోకి రాగానే అది పిచ్చిగా కొట్టుకుంటుంది, హుక్ ఊడేది, లీడర్ తెగేది అప్పుడే. ఉపరితలానికి రెండడుగుల కింద ఉన్నంతసేపూ చాలా చేపలు నెమ్మదిగానే ఉంటాయి. రాడ్ పట్టుకున్న మనిషి వెనక్కి జరిగి చేపని బోటు పక్కగా నడిపిస్తే, రెండో మనిషి పని చేస్తాడు. ఇద్దరూ ఒకే అంచు మీదికి వంగితే బోటు ఒరుగుతుంది.

30 పౌండ్ల లోపు చేపకి గాఫ్ చాలు, తలలో వేయాలి, మాంసంలో కాదు. ఆ పైన హార్పూన్. మొన కర్ర నుంచి ఊడి వచ్చేలా ఉండాలి, మొనకి తీగ లేదా బలమైన తాడు ఇరవై అడుగులు, తాడు చివర బోయ. గురి మొప్ప మూత వెనక, వెన్నెముకకి కొంచెం పైన. సగం గుచ్చితే ఊడి వస్తుంది. మొన అవతలికి పూర్తిగా దిగితేనే అడ్డం తిరిగి నిలుస్తుంది. తర్వాత కర్ర లాగేసి పక్కకి తప్పుకోండి. చేప బోయతో పోట్లాడుకుంటుంది. తాడుని చేతికి చుట్టుకోవద్దు, కాలి దగ్గర చుట్టలు చుట్టలుగా పడేయొద్దు.

అలిసిపోయాక పక్కకి తెచ్చి, నీళ్లలో ఉండగానే మొప్పల తీగలు రెండు వైపులా కత్తితో కోయండి. నోటి గుండా తాడు వేసి పది పదిహేను నిమిషాలు నీళ్లలోనే వేలాడదీస్తే రక్తం పూర్తిగా పోతుంది, చేప చల్లబడుతుంది. కళ్ల వెనక నడినెత్తిన ఒక గట్టి దెబ్బ. ఇవన్నీ అయ్యాకే లోపలికి. ప్రాణం ఉన్న 60 పౌండ్ల హాలిబట్ తోక దెబ్బకి మనిషి కాలు విరుగుతుంది, కూలర్లు పగులుతాయి. లోపలికి తెచ్చాక కూడా నమ్మొద్దు: నోట్లోంచి వచ్చిన తాడుని తోక మొదట చుట్టి విల్లులా వంచి బిగించేయండి. వంగిన చేప తోక ఆడించలేదు.

తర్వాత పేగులు తీసి, పొట్ట ఖాళీలో ఐస్ కుక్కి, ఐసూ సముద్రపు నీరూ కలిపిన కూలర్లో పెట్టండి. ఉత్త ఐస్ ముక్కల కన్నా ఈ కలిపిన నీరు చేపని అన్ని వైపులా తాకి త్వరగా చల్లబరుస్తుంది. ఇది రుచి కోసం చెప్పే మాట మాత్రమే కాదు. బాగా పోట్లాడిన చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం చేరుతుంది. దాన్ని వేడిగా వదిలేస్తే ఒకటి రెండు రోజుల్లో మాంసం సున్నంలా తెల్లబడి, వండితే పొడిపొడిగా ఎండిపోతుంది. తింటే హాని లేదు, కానీ మంచి చేప చెడినట్టే. ఎండ ముదిరిన నెలల్లో పట్టిన చిన్న మగ చేపల్లో ఇది ఎక్కువ. రక్తం తీయడం, వెంటనే చల్లబరచడం, ఈ రెండే మన చేతిలో ఉన్నవి.

ఫిల్లెట్ పని బోటు మీద పెట్టుకోవద్దు, ఒడ్డుకి వచ్చాకే. పక్క గీత వెంట తల నుంచి తోక దాకా వెన్నెముక తగిలేలా ఒక కోత, అక్కడి నుంచి కత్తిని ఎముకలకి ఆనించి రెక్కల వైపు. పైన రెండు, తిరగేసి కింద రెండు, మొత్తం నాలుగు ఫిల్లెట్లు. బుగ్గలు వదిలేయకండి, కంటి వెనక గుండ్రంగా కోస్తే గవ్వల్లా ఊడి వస్తాయి. మాంసంలో సన్నని పురుగులు కనబడటం సముద్రపు చేపల్లో మామూలే. లోపల 63 డిగ్రీల సెల్సియస్ దాకా వండితే చస్తాయి. పచ్చిగా తినాలనుకుంటే ముందు మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు ఉంచాలి, ఇంటి ఫ్రీజర్ అంత చల్లదనం ఇస్తోందో లేదో థర్మామీటర్‌తో చూసుకోండి.

ఆటుపోటు:

నిబంధనలు కూడా ఒకచోట ఉంటే మంచిది.

హాలిబట్ కోటాని అమెరికా, కెనడా కలిసి నడిపే అంతర్జాతీయ పసిఫిక్ హాలిబట్ కమిషన్ ఏటా నిర్ణయిస్తుంది. 1923 ఒప్పందంతో పుట్టిన సంస్థ. వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియా కలిపి ఏరియా 2ఎ. ఆ వాటాలోంచి వాషింగ్టన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఏ మెరైన్ ఏరియా ఏ రోజుల్లో తెరవాలో చెబుతుంది. నియా బే మెరైన్ ఏరియా 4. కోటా నిండితే సీజన్ మధ్యలోనే మూసేస్తారు, కాబట్టి బయల్దేరే ముందు రోజు రాత్రి శాఖ వెబ్‌సైట్ చూడటం తప్పనిసరి. మనిషికి రోజుకి ఒక్క చేప, కనీస పొడవు లేదు. ఏడాదికి ఎన్ని అనేది మారుతూ ఉంటుంది. లైసెన్స్‌తో పాటు క్యాచ్ రికార్డ్ కార్డు ఉండాలి, ఉంచుకున్న చేపని అక్కడికక్కడే అందులో రాయాలి, ఒడ్డుకి వచ్చాక కాదు. ఒక దారానికి రెండు హుక్స్ మించకూడదు.

నియా బేకి పడమర, నైరుతి వైపు సి ఆకారంలో ఒక రక్షిత ప్రాంతం ఉంది, ఎల్లోఐ రాక్‌ఫిష్ కోసం. అక్కడ హాలిబట్ పట్టకూడదు. దాని కోఆర్డినేట్లు ముందే చార్ట్‌ప్లాటర్‌లో గీసుకోండి. స్విఫ్ట్‌షూర్ బ్యాంక్ వైపు వెళితే కెనడా సరిహద్దు గీత కూడా. డ్రిఫ్ట్‌లో తెలియకుండానే దాటిపోతారు, అక్కడ మన లైసెన్స్ చెల్లదు. ఊరు మకా రిజర్వేషన్‌లో ఉంది కాబట్టి వాళ్ల రిక్రియేషన్ పర్మిట్ తీసుకోవాలి.

వాతావరణం: నియా బే బోయ 46087 రీడింగ్ చూడండి. అల ఎత్తు ఒక్కటే కాదు, అలకీ అలకీ మధ్య సెకన్లు కూడా. ఆరడుగుల అల 12 సెకన్లకోసారి వస్తే కొండ ఎక్కి దిగినట్టు ఉంటుంది, 6 సెకన్లకి వస్తే 22 అడుగుల బోటుకి అది నిలబడే సముద్రం కాదు. ఆటు నీరు పడమరకి పారుతూ పడమటి అలని ఢీకొన్నప్పుడు టాటూష్ దీవి చుట్టూ అల నిలువుగా లేస్తుంది, తిరుగు ప్రయాణం ఆ సమయంలో పడకుండా ప్లాన్ చేయండి. మధ్యాహ్నం నుంచి పడమటి గాలి కూడా పెరుగుతుంది. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద. ఆ చల్లని నీళ్లలో చేతివేళ్లు పది నిమిషాల్లోనే పట్టు కోల్పోతాయి. వీహెచ్ఎఫ్ రేడియోని 16వ ఛానెల్ మీద ఉంచండి, కోస్ట్‌గార్డ్ స్టేషన్ నియా బేలోనే ఉంది.

తీరం_గాలి:

చాలా స్పష్టంగా ఉంది. చివరిగా ఒకటి. మరీ చిన్నదో, మరీ పెద్దదో వస్తే వదిలేయాలని అనుకుంటున్నాం. 280 అడుగుల నుంచి పైకి లాగిన చేప వదిలితే బతుకుతుందా?

ఎరసంచి:

హాలిబట్ బతుకుతుంది. దానికి గాలి తిత్తి లేదు, కాబట్టి లోతు నుంచి వచ్చినా పొట్ట ఉబ్బదు. గాఫ్ తాకనివ్వకండి, బోటులోకి తేకండి. లీడర్ పట్టుకుని, హుక్ వంపులో పొడవాటి డీహుకర్ కొక్కెం వేసి, లీడర్‌ని కిందికి లాగుతూ కొక్కేన్ని పైకి తిప్పితే చేప బరువుకే హుక్ ఊడుతుంది. రాకపోతే లీడర్‌ని హుక్ దగ్గరగా కోసేయండి. పెద్దవి దాదాపు అన్నీ ఆడవే. ఆడ చేప గుడ్లు పెట్టే వయసుకి రావడానికే పన్నెండేళ్ల దాకా పడుతుంది, పెద్దది ఒక సీజన్‌లో లక్షల్లో పెడుతుంది. వదలాలన్న ఆలోచన మంచిది, హార్పూన్ వేయక ముందే ఆ నిర్ణయం అయిపోవాలి.

రాక్‌ఫిష్ సంగతి వేరు. వాటికి గాలి తిత్తి ఉంది. కళ్లు ఉబ్బి, పొట్ట నోట్లోకి వచ్చి తేలిపోతాయి, తమంతట తాము కిందికి వెళ్లలేవు. నారింజ రంగు ఒంటితో, పసుపు కళ్లతో వచ్చేది ఎల్లోఐ. నూరేళ్లు దాటి బతికే చేప, ఉంచుకోవడం నిషేధం. అందుకే డిసెండింగ్ డివైస్ (చేపని తిరిగి లోతుకి దించే క్లిప్పు) బోటులో ఉండాలని వాషింగ్టన్ నిబంధన, అది కూడా వెంటనే వాడేలా కట్టి సిద్ధంగా. విడిగా ఒక పాత రాడ్‌కి 3 పౌండ్ల గుండుతో బిగించి పెట్టుకోండి. చేప పెదవికి క్లిప్పు పెట్టి, కనీసం వంద అడుగులు దించి, ఒక్క కుదుపు ఇస్తే వదులుతుంది. పైకి వచ్చిన రెండు నిమిషాల్లోపు దించేయాలి. పెట్టెలో వెతుక్కుంటూ ఉంటే ఆ టైము అక్కడే అయిపోతుంది.